ఐరన్ సిరప్‌తో పెరగని రక్తం: ఒక పాప, ఒక కళాయి గిన్నె

ఈ కేసు గురించి రాయడానికి కుటుంబం ఒప్పుకుంది. వాళ్ళను గుర్తుపట్టే వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినదేదీ మార్చలేదు. తిరుపతిలో పిల్లల డాక్టరుగా పనిచేసే నాకు రక్తహీనత రోజూ కనిపించేదే. అలా రోజూ కనిపించడం వల్లే ఈ పాప విషయంలో మూడు నెలలు పోగొట్టాను.

పాప వయసు మూడున్నరేళ్ళు. ఊరు రేణిగుంట దాటాక, ఏర్పేడు వైపు. అక్టోబరులో అమ్మ, అవ్వ కలిసి తీసుకొచ్చారు. అన్నం సరిగా తినడం లేదు, ఎప్పుడు చూసినా చిరాకు, అన్న పలక దగ్గరి బలపాలు కొరుక్కు తింటోంది. ముఖం పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 8.1, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ 6. ఇనుము లోపం అని రాయడానికి రెండు నిమిషాలు పట్టలేదు. ఐరన్ సిరప్, నులిపురుగుల మందు రాసి పంపాను.

డిసెంబరులో మళ్ళీ చూస్తే హిమోగ్లోబిన్ 8.4. మందు సరిగా వేస్తున్నారా అని కాస్త గట్టిగానే అడిగాను. పాప తల్లి మారు మాట్లాడకుండా సంచిలోంచి నాలుగు ఖాళీ సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. నేను ఇలా అడుగుతానని ఆమెకు ముందే తెలుసు. ఫెరిటిన్ చేయిస్తే 31 వచ్చింది. అంటే ఇనుము ఒంట్లోకి చేరింది, నిల్వ కూడా ఉంది, కానీ రక్తంగా మారడం లేదు. పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు తలసీమియా ఉందేమోనని పరీక్ష చేయించాను, లేదు. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. వేరే కంపెనీ సిరప్ రాసి ఇంకో నెల ఆగమన్నాను.

జనవరిలో వచ్చినప్పుడు పాపకు ఐదు రోజులుగా విరేచనం లేదు. కడుపునొప్పితో రాత్రిళ్ళు లేచి ఏడుస్తోంది. ఇద్దరూ వెళ్ళబోతుండగా అవ్వ గుమ్మం దగ్గర ఆగి ఒక మాట చెప్పింది. "అమ్మయ్యా, బిడ్డకు మాటలు తగ్గినాయి. పోయినేడు 'అవ్వా నీళ్ళియ్యి' అనేది. ఇప్పుడు నీళ్ళంటే చెయ్యి చూపిస్తా ఉంది."

వచ్చిన మాట పోవడం చిన్న విషయం కాదు. ఆ రోజే రక్తపు చుక్కను స్లైడ్ మీద పరిచి మైక్రోస్కోపులో చూడమని పెథాలజిస్టును అడిగాను. సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. "ఎర్రకణాల్లో నీలం చుక్కలు చాలా ఉన్నాయి. లెడ్ చూశారా?"

లెడ్, అంటే సీసం. దాని గురించి నేను ఎంబీబీఎస్‌లో చదివాను, పీజీలో చదివాను, పరీక్షల్లో రాశాను. ఓపీలో కూర్చున్నప్పుడు ఒక్క పిల్లకూ ఆ పరీక్ష రాయలేదు.

హిమోగ్లోబిన్ తయారీలో చివరి మెట్టు ఇనుమును తెచ్చి అమర్చడం. ఆ పని చేసే ఎంజైమును సీసం పని చేయనివ్వదు. ఇనుము ఇంటి ముందు కుప్పగా పోసి ఉన్నా గోడ లేవనట్టు ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పేగులో ఇనుము లోపలికి వచ్చే దారిలోనే సీసమూ వస్తుంది. ఇనుము తక్కువైన పిల్లల్లో ఆ దారి మరింత తెరుచుకుంటుంది కాబట్టి సీసం ఎక్కువగా ఒంటికి పడుతుంది. ఇనుము తక్కువైతే మట్టీ బలపాలూ తినాలనిపిస్తుంది, వాటితో పాటు నేల మీది దుమ్ము నోట్లోకి పోతుంది. పెద్దవాళ్ళు మింగిన సీసంలో దాదాపు పదో వంతు రక్తంలో చేరితే చిన్నపిల్లల్లో సగం దాకా చేరుతుంది. పెరుగుతున్న మెదడు దగ్గర దాన్ని ఆపే గోడ ఇంకా గట్టిపడి ఉండదు.

పరీక్షకు రక్తం వేలి నుంచి కాకుండా నరం నుంచి తీయాలి. వేలి మీద దుమ్ము ఉంటే ఫలితం తప్పుగా ఎక్కువ వస్తుంది. చెయ్యి సబ్బుతో కడిగించి, దీనికోసం ఉండే ప్రత్యేకమైన ట్యూబులో తీసి, చెన్నైకి పంపాం. ఆరు రోజులకు రిపోర్టు వచ్చింది. డెసిలీటరుకు 38 మైక్రోగ్రాములు.

సీసానికి ఇంతవరకు పరవాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 5 దాటితే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపమని 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అమెరికాలో అదే ఏడాది ఆ అంకెను 3.5కి తగ్గించారు. 45 చేరితే పిల్లలకు సీసాన్ని కట్టి మూత్రంలో బయటికి పంపే మందు ఇవ్వాలి. మా పాప ఈ రెండింటి మధ్య ఉంది. మోకాళ్ళ ఎక్స్‌రేలో ఎముక చివర తెల్లటి గట్టి పట్టీ కనిపించింది, అంటే ఇది నెలల తరబడి సాగుతున్న వ్యవహారం. కడుపు ఎక్స్‌రేలో మాత్రం ఏమీ లేదు.

"దీనికి మందు లేదా మేడం?" అని అడిగాడు తండ్రి. ఆయన రావడం అదే మొదటిసారి. మందు ఉంది, కానీ ఇప్పుడు ఇవ్వను అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. 20 నుంచి 44 మధ్య ఉన్న 780 మంది పిల్లల మీద అమెరికాలో ఒక పెద్ద పరిశోధన చేశారు, 2001లో వచ్చింది. మందు వేసిన పిల్లల రక్తంలో సీసం అంకె తగ్గింది, తెలివితేటల్లో మాత్రం తేడా రాలేదు. పైగా ఇంట్లో సీసం అలాగే ఉండగా మందు ఇస్తే కుండకు చిల్లు ఉంచి నీళ్ళు పోసినట్టే. 45 కింద అసలు వైద్యం అది ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడమే.

అప్పుడు అడిగాను, ఆయన ఏం పని చేస్తాడని. నాలుగు నెలల్లో మూడుసార్లు చూసిన బిడ్డ తండ్రి వృత్తి నా కేస్ షీటులో లేదు.

బ్యాటరీ షాపులో పని. ట్రాక్టర్ల, లారీల, ఇన్వర్టర్ల పాత బ్యాటరీలు విప్పి ప్లేట్లు మారుస్తాడు. ఆ బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. అప్పుడే ఆయనకూ ఇంట్లో అందరికీ పరీక్షలు రాశాను. ఆయనకు 41, తల్లికి 17, ఎనిమిదేళ్ళ అన్నకు 16. తల్లికి మూడో నెల. ఆ సంగతి వినగానే నాకు టెన్షన్ పెరిగింది. ఒంట్లో చేరిన సీసం ఎక్కువగా ఎముకల్లో దాక్కుంటుంది. గర్భంలో బిడ్డ ఎముకల కోసం తల్లి ఎముకలు కరిగి కాల్షియం ఇచ్చేటప్పుడు దానితో పాటు సీసమూ బయటికి వచ్చి మాయ దాటి బిడ్డకు చేరుతుంది. ఆమెకు ఆ రోజే కాల్షియం మొదలుపెట్టించి, గైనకాలజిస్టుకు ఉత్తరం రాసిచ్చాను. అవ్వ ఆ రోజు రాలేదు. ఆవిడకు ఏమవుతుందిలే అనుకున్నాను.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు, సిమెంటు నేల, శుభ్రంగా ఉంది. తండ్రి పని చొక్కా మంచం పైన గోడకు కొట్టిన మేకుకు వేలాడుతోంది. దాని కిందే పాప పడుకుంటుంది. రాత్రి వచ్చీరాగానే పాప ఆయన భుజమెక్కుతుందట. సీసపు దుమ్ముకు వాసన ఉండదు, రంగు కనబడదు. బట్టలు, జుట్టు, చెప్పులు, బండి సీటు అన్నింటి మీదా అది ఇంటికి వస్తుంది. పొద్దున్నే పొడి చీపురుతో ఊడిస్తే లేచి మళ్ళీ పడుతుంది.

మార్పులు అక్కడే కూర్చుని మాట్లాడుకున్నాం. షాపులోనే బట్టలు మార్చుకుని, తల తడుపుకుని స్నానం చేసి రావాలి. పని బట్టలు కవర్లో కట్టి తెచ్చి విడిగా ఉతకాలి, ఆ ఉతుకు తల్లి కాకుండా ఆయనే చేసుకోవాలి. నేల తడిగుడ్డతో తుడవాలి. తినేముందు పిల్లల చేతులు సబ్బుతో కడగాలి. షాపు యజమానితో కూడా మాట్లాడాను. పాత బ్యాటరీలు రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి, షాపులో విప్పడానికి వీల్లేదు. ఆయన మొదట ఒప్పుకోలేదు, గిరాకీ పోతుందన్నాడు. పాప రిపోర్టు చూపించాను. ఆయనకూ చిన్నపిల్లలున్నారు. రెండు వారాల తర్వాత తండ్రిని కొత్త బ్యాటరీలు బిగించే పనికి మార్చాడు. విప్పడం పూర్తిగా ఆగడానికి మరో నాలుగు నెలలు పట్టింది.

పాప వెళ్ళే అంగన్‌వాడీ దగ్గర ఇనుప జారుడుబల్ల మీద ఎర్ర పెయింట్ పెచ్చులు లేచి ఉంది. ఇళ్ళకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదని 2016లో నిబంధనలు వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమలులో ఉన్నాయి. కానీ పారిశ్రామిక పెయింట్లు ఆ నిబంధనల కిందికి రావు, ఇనుప సామానుకు వేసేది చాలాసార్లు అదే. టీచరమ్మ మంచి మనిషి. వేసవి సెలవుల్లో తడిపి గీకించి, పెచ్చులు ఏరించి, కొత్త పెయింట్ వేయించింది. పొడిగా ఉప్పుకాగితం పెట్టి రుద్దొద్దని మాత్రం గట్టిగా చెప్పాను, ఆ పొడి పెచ్చుల కంటే ప్రమాదం.

ఫిబ్రవరిలో పాపకు మళ్ళీ పరీక్ష చేస్తే 31.

తగ్గింది కదా అనుకోవచ్చు. నాకు తృప్తి కలగలేదు. సీసం రాక ఆగితే రక్తంలో ఉన్నది నెలకు సుమారు సగం అవుతుంది. ఎముకల్లోంచి కొంత వస్తూ ఉంటుంది కాబట్టి అంత వేగంగా తగ్గకపోవచ్చు, అయినా 31 ఎక్కువే. తండ్రిది 41 నుంచి 29కి దిగింది. అసలు దుమ్ములో పని చేసిన మనిషికి వేగంగా తగ్గి, ఆ దుమ్ము ఇంటికి చేరగా తగిలిన బిడ్డకు నెమ్మదిగా తగ్గడమేమిటి? రెండు రోజులు దాని గురించే ఆలోచించాను. అప్పుడు అవ్వ గుర్తొచ్చింది. ఆవిడ షాపు దగ్గరికి పోదు, కొడుకు బట్టలు ముట్టదు, వేరే గదిలో పడుకుంటుంది. పిలిపించి రక్తం తీశాను. 22 వచ్చింది.

అవ్వ రోజంతా ఉండేది వంటింట్లో. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, లోపల శుభ్రంగా ఉందని చూసి వెనక్కి వచ్చాను.

రెండోసారి లోపల కూర్చున్నాను. ఒక్కొక్కటీ తీసి చూపించమన్నాను. ముందు పసుపు. రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపే మోసం మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ బయటపడింది. బంగ్లాదేశ్‌లో 2019లో మార్కెట్ పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం దొరికితే, ప్రభుత్వం గట్టిగా పట్టుకున్నాక 2021కి సున్నాకు వచ్చింది. ఈ అంకె నాకు చాలా ధైర్యమిస్తుంది. మన దగ్గరా 2000లో పెట్రోలులోంచి సీసం పోయింది, దానివల్ల ఎన్ని లక్షల పిల్లలు మేలు పొందారో వాళ్ళకే తెలియదు. బెంగళూరు సెయింట్ జాన్స్‌లో డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్ గారు దీని మీదే ఏళ్ళ తరబడి పనిచేశారు. ఈ ఇంట్లో మాత్రం పసుపు కొమ్ములు కొని మరపట్టిస్తారు. కాటుక ఆముదం దీపంతో ఇంట్లో పట్టింది, సీసం ఉండే అవకాశమున్న సుర్మా కాదు. ఆంజనేయస్వామి గుడి నుంచి తెచ్చిన సింధూరం ఒక పొట్లం ఉంది. ఇలాంటి సింధూరంలో సీసపు ఆక్సైడ్ ఉండొచ్చు, కాబట్టి దాన్ని పిల్లలకు అందకుండా పైన పెట్టించాను. పాప మొలతాడుకున్న తాయెత్తు రాగిది. నీళ్ళ పైపు ప్లాస్టిక్కు.

పొయ్యి పక్కన మూత పెట్టిన ఇత్తడి గిన్నె ఉంది. అందులో రాగి అంబలి. రాత్రి కాచి, మజ్జిగ కలిపి అలాగే ఉంచుతారు. తెల్లారేసరికి కాస్త పులుస్తుంది. పొద్దున్నే మొదటి గ్లాసు పాపకు, రెండోది అవ్వకు. మనవడు బడికి తొందరలో సగం గ్లాసు తాగుతాడు. తండ్రి టీ తాగి పోతాడు. పాప, అవ్వ, మనవడు అంబలి ఎంత తాగుతారో, వాళ్ళ అంకెలు కూడా అదే వరుసలో ఉన్నాయి, టీ తాగి పోయే తండ్రిది వేరు.

గిన్నె లోపల తెల్లగా మెరుస్తోంది. కొత్త కళాయి. ఎప్పుడు వేయించారని అడిగాను. "పోయినేడు గంగమ్మ జాతరకు ముందు. ఎప్పుడూ వచ్చే ముసలాయన చచ్చిపాయ. కొత్తాయన వచ్చినాడు, అగ్గవగా వేసినాడు" అంది అవ్వ. నేను గిన్నె చేతిలోకి తీసుకోగానే ఆవిడకు అర్థమైంది. "మా అత్త నాకిచ్చిన గిన్నెమ్మా ఇది. యాభై ఏండ్లుగా దీంట్లోనే తాగతా ఉండాం. ఎవురికీ ఏమీ కాలేదే."

ఆవిడ చెప్పింది నిజం. యాభై ఏళ్ళూ ఏమీ కాలేదు, ఎందుకంటే యాభై ఏళ్ళూ తగరంతో కళాయి వేశారు.

పుల్లటి పదార్థం ఇత్తడిలో పోస్తే చిలుమెక్కుతుంది, అందుకే మన పెద్దలు కళాయి వేయించారు. గిన్నెను ఎర్రగా కాల్చి, నవాసాగరం చల్లి, తగరం కరిగించి దూదితో పూస్తారు. తగరంతో భయం లేదు. కానీ దాని ధర సీసం ధర కంటే పది రెట్లకు పైగా ఉంటుంది. రెండూ కలిస్తే ఇంకా సులువుగా కరుగుతాయి. తగరం 232 డిగ్రీల దగ్గర కరిగితే, సరైన పాళ్ళలో సీసం కలిసిన తగరం 183 డిగ్రీలకే కరుగుతుంది. పూత నున్నగా వస్తుంది, మెరుస్తుంది. చూసి తేడా కనిపెట్టడం ఎవరి వల్లా కాదు. చింతపండు పులుసు, మజ్జిగ, నిమ్మరసం అందులో రాత్రంతా నిలవుంటే సీసం కరిగి నీళ్ళలోకి దిగుతుంది.

అనుమానంతో గిన్నె పారేయమనడం నాకిష్టం లేదు. చింతపండు నీళ్ళు సగం ఆ గిన్నెలో, సగం స్టీలు గిన్నెలో రాత్రంతా ఉంచి రెండూ ల్యాబుకు పంపాం. స్టీలు గిన్నె నీళ్ళలో సీసం కనబడలేదు. కళాయి గిన్నె నీళ్ళలో లీటరుకు 2.8 మిల్లీగ్రాములు ఉంది. తాగే నీళ్ళలో మన దేశపు ప్రమాణం 0.01. అంటే 280 రెట్లు. చింతపండు అంబలి కంటే పులుపు కాబట్టి అంబలిలో ఇంత ఉండకపోవచ్చు. కానీ బిడ్డ రోజూ తాగింది.

అవ్వ ఏడ్చింది. ఆవిడ ప్రేమగా పోసిన గ్లాసే అది. నేను ఒకటే పదే పదే చెప్పాను, అంబలి మానొద్దు, గిన్నె మార్చండి అని. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. కాల్షియం, ఇనుము సరిపడా ఉన్న ఒంటికి సీసం తక్కువ పడుతుంది. ఈ పాపకు అంబలి మందు లాంటిది. ఇప్పుడు స్టీలు గిన్నెలో కాస్తున్నారు. ఇత్తడి గిన్నెను ఇంట్లో గీకొద్దని చెప్పాను, ఆ పొడి మళ్ళీ నేల మీదకే చేరుతుంది. గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టారు. పారేయమని నేను అనలేదు, ఆవిడ పారేసేదీ కాదు.

మే నెలలో 19. ఆగస్టులో 12. మళ్ళీ జనవరికి 8. ఐరన్ సిరప్ అదే, మోతాదూ అదే, ఈసారి హిమోగ్లోబిన్ మే నాటికి 10.9కి వచ్చింది. మలబద్ధకం మార్చిలోనే పోయింది. తల్లికి జూలైలో అబ్బాయి పుట్టాడు, బొడ్డుతాడు రక్తంలో 5 ఉంది. ఆ బాబును కూడా చూస్తూ ఉండాలి. పాప ఇప్పుడు స్పీచ్ థెరపీకి వెళ్తోంది, వాక్యాలు మాట్లాడుతోంది. తోటి పిల్లల కంటే కాస్త వెనకే ఉంది. అందులో సీసం వల్ల పోయినది ఎంతో, అది తిరిగి వస్తుందో రాదో ఆ తల్లి ప్రతిసారీ అడుగుతుంది. పోయినదంతా తిరిగి వస్తుందని ఆమెకు మాటివ్వలేను. ఇంట్లో ఆటలు, కబుర్లు, కథలు ఎంత ఎక్కువైతే అంత మేలని చెబుతాను, అది నిజం కాబట్టి.

మా ఓపీ కాగితం మార్చాను. రక్తహీనత, బలపాలు తినడం, మాట ఆలస్యం, తగ్గని కడుపునొప్పి, వీటిలో ఏది ఉన్నా నర్సమ్మ కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. ఇంట్లో ఎవరైనా బ్యాటరీ, పెయింటింగ్, సోల్డరింగ్, పాత ఇనుము పని చేస్తారా? పులుపు వండే గిన్నె ఏది, కళాయి ఎప్పుడు వేయించారు? పసుపు ఎక్కడిది? కాటుక, సింధూరం వాడతారా? గోడల పెయింట్ రాలుతోందా? రెండు నిమిషాల పని.

కళాయి ఆయన్ను వెతికి పట్టుకోవడానికి నెల పట్టింది. పాప అవ్వే జాతర కమిటీ వాళ్ళ దగ్గర ఫోన్ నంబరు సంపాదించింది. ఆయన పారిపోతాడనుకున్నాను, వచ్చాడు. మూటలోంచి కడ్డీ తీసి ఇచ్చాడు. తగరమనే అమ్మారట. పాత సామాను దుకాణంలో, సోల్డరింగ్ ముక్కలు కరిగించి పోసిన కడ్డీ. ఆయన రక్తంలో 52. పొగ మీద వంగి ఆ పూత పూసేది ఆయనే కదా. ఆయన్ను తిట్టాలని వచ్చిన అవ్వ, చివరికి టీ పెట్టిచ్చింది.

ఆ ఊళ్ళో ఆ ఏడాది ఆయన పదకొండు ఇళ్ళలో కళాయి వేశాడు. ఏయే ఇళ్ళో ఆయనే దగ్గరుండి చూపించాడు. ఆ ఇళ్ళలో ఐదేళ్ళ లోపు పిల్లలు ఏడుగురు ఉన్నారు, అందరికీ రక్తం తీశాం. ముగ్గురికి 5 దాటింది, ఎక్కువున్నది 18. వాళ్ళ గిన్నెలన్నీ అటకెక్కాయి. మిగతా ఊళ్ళ పేర్లు ఆయనకు కొన్నే గుర్తున్నాయి, అవి మండలంలోని ఆశా కార్యకర్తలకు ఇచ్చాను.

ఆయన మూడు నెలలకోసారి పరీక్షకు రావాలి. పోయినసారి రమ్మన్న తేదీకి రాలేదు. మర్నాడు కుప్పం దగ్గర నుంచి ఫోన్ చేశాడు, పని దొరికింది మేడం, వారంలో వస్తానన్నాడు. తగరం ఎక్కడ కొన్నావని అడిగాను. చెన్నైలో కొన్నానని, బిల్లు జేబులో ఉందని, వచ్చేటప్పుడు కడ్డీలో ముక్క కోసి పరీక్షకు తెస్తానని చెప్పాడు.